ఒకే పేరుతో రెండు ఫోల్డర్లు: సెటప్ నోట్సును బృందంలో ఎలా పంచుకోవాలి?

ప్రశ్న: మాదాపూర్ మూడో అంతస్తు

అందరికీ నమస్కారం. మాది మాదాపూర్‌లో ఏడుగురు పనిచేసే చిన్న కార్యాలయం. సర్వర్లు చూసుకోవడానికి ప్రత్యేకించి ఒక మనిషి లేడు కనుక, ప్రోగ్రాములు రాసే మేమే వంతులు వేసుకొని ఆ పని కూడా చేస్తున్నాము. సెటప్ నోట్సు విషయంలో మాత్రం మాది ఎవరికి వారే యమునా తీరే. కొన్ని కమాండ్లు వాట్సాప్ గ్రూపులో ఉన్నాయి, కొన్ని గూగుల్ డాక్‌లో ఉన్నాయి, ఇంతకుముందు పనిచేసి వెళ్లిపోయిన ఒకాయన రాసిపెట్టిన నోటుపుస్తకం ఒకటి ఉంది. ఇవి చాలవన్నట్టు, అమీర్‌పేటలో శిక్షణ తీసుకున్నప్పటి లినక్స్ జిరాక్స్ కట్టను నేను ఇప్పటికీ సొరుగులోంచి తీసి చూస్తుంటాను.

నెల రోజుల క్రితం మా అప్లికేషన్‌ను కొత్త ఉబుంటు (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఒక రకం) సర్వర్‌కు మార్చాము. ఈ మధ్యే చేరిన ఒక తమ్ముడు గూగుల్ డాక్‌లోని తెలుగు నోట్సును ముందు పెట్టుకొని, అందులోని కమాండ్లను కాపీ చేసుకుంటూ సెటప్ అంతా పూర్తి చేశాడు. రాత్రి 1:30కి డేటాబేస్ బ్యాకప్ తీసే స్క్రిప్టును కూడా అలాగే పెట్టాడు. ఆ స్క్రిప్టు, బ్యాకప్ ఫోల్డర్ లేకపోతే తానే సృష్టించుకొని, సుమారు 2 జీబీ ఉండే ఫైలును అందులో దాచి, ఆ తరువాత 14 రోజులు దాటిన ఫైళ్లను తొలగించాలి.

మొన్న గురువారం డిస్క్ నిండిపోయి సైట్ ఆగిపోయింది. ఖాళీగా ఉండవలసిన 60 జీబీ ఏమైపోయిందా అని వెతికితే, బ్యాకప్‌ల ఫోల్డర్ లోపల ‘డైలీ’ అన్న పేరుతో రెండు ఫోల్డర్లు కనబడ్డాయి. చూడటానికి రెండు పేర్లలోనూ ఒక్క అక్షరం తేడా లేదు. ఒకదానిలో ముప్పై ఫైళ్లున్నాయి, రెండోది పూర్తిగా ఖాళీ. ఖాళీగా ఉన్నదాన్ని మొదటి రోజున తానే చేత్తో టైపు చేసి సృష్టించానని తమ్ముడు అంటున్నాడు. ఒకే చోట ఒకే పేరుతో రెండు ఫోల్డర్లు ఉండటానికి వీల్లేదని నాకు తెలుసు; తీరా చూస్తే ఉన్నాయి. అప్పటికి కొన్ని పాత లాగ్ ఫైళ్లను (సర్వర్‌లో ఏమి జరిగిందో నమోదయ్యే ఫైళ్లను) తీసేసి సైట్‌ను నడిపించాము.

దీనికి సంబంధం ఉందో లేదో గాని, కొత్త సర్వర్‌కు మారినప్పటి నుంచి రోజూ ఉదయం 7 గంటలకు సైట్ పది నిమిషాలపాటు మందగిస్తోంది.

నేను అడగదలచినవి రెండు. ఆ ఫోల్డర్ల సంగతేమిటి? ఇకమీదట కోడ్ ముక్కలనూ సెటప్ నోట్సునూ మా ఏడుగురి మధ్య ఏ పద్ధతిలో పంచుకుంటే ఇటువంటివి జరగకుండా ఉంటాయి?

జవాబు: పాత టెర్మినల్

ఆ రెండు పేర్లు ఒకటి కావు. ఒకదాని చివర కంటికి ఆనని అక్షరం ఒకటి అంటుకొని ఉంది, అది మన తెలుగు టైపింగ్ నుంచే వచ్చి ఉంటుంది. ‘సర్వర్’ అని రాసి దానికి ‘లో’ చేర్చేటప్పుడు, ర కింద ల ఒత్తు పడకుండా మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే అక్షరాన్ని కీబోర్డు చేరుస్తుంది. యూనికోడ్‌లో దాని సంఖ్య 200సి. దానికి వెడల్పు ఉండదు, రూపం ఉండదు, కాని ఫైల్ సిస్టమ్ దృష్టిలో అది కూడా పేరులో భాగమే.

మీ నోట్సులో జరిగింది ఇలా ఉంటుందని నా ఊహ. మొదట ఎవరో ‘ఫోల్డర్‌లో దాచాలి’ అని రాశారు. ఆ తరువాత మరెవరో ‘ఫోల్డర్’ అన్న మాటను తీసేసి, దాని స్థానంలో అసలు దారిని, అంటే ఆ ఫోల్డర్ ఎక్కడుందో చెప్పే పాత్‌ను, అతికించారు. పొల్లుకూ ‘లో’కూ మధ్య ఉన్న ఆ అక్షరం మాత్రం కదలకుండా అక్కడే ఉండిపోయి, ఇప్పుడు దారి చివర చేరింది. మీ తమ్ముడు ‘లో’ను వదిలేసి దారిని మాత్రమే కాపీ చేసుకున్నా, అది వెంట వచ్చేసింది. బ్యాకప్ రాసే వరుసలో ఆ దారి పడింది. తొలగించే వరుసలో చేత్తో టైపు చేసిన దారి ఉంది. కాబట్టి ప్రతి రాత్రీ బ్యాకప్ ఒక ఫోల్డర్‌లోకి వెళుతుంటే, పాత ఫైళ్ల ఏరివేత ఖాళీ ఫోల్డర్‌లో జరుగుతోంది. స్క్రిప్టు తనంతట తాను ఫోల్డర్‌ను సృష్టించుకోకుండా ఉండి ఉంటే మొదటి రాత్రే ఎర్రర్ వచ్చి విషయం బయటపడేది.

నిర్ధారణకు, ఎల్‌ఎస్ కమాండ్ ఇచ్చే ఫైలు పేర్ల జాబితాను పైపు గుర్తు ద్వారా క్యాట్‌కు పంపి, క్యాట్‌కు పెద్ద ‘ఏ’ ఆప్షన్ ఇవ్వండి. ఒక పేరు చివర ‘ఎం’ అక్షరంతో మొదలయ్యే మూడు గుర్తులు కనబడితే నా ఊహ నిజమే. బాగుచేసేటప్పుడు మాత్రం వరుస తప్పకండి. ముందు స్క్రిప్టులోని దారిని తుడిచి మళ్లీ చేత్తో టైపు చేయండి, లేకపోతే ఈ రాత్రి ఆ దయ్యం ఫోల్డర్ మళ్లీ పుడుతుంది. తరువాత ఖాళీ ఫోల్డర్‌ను ఆర్‌ఎమ్‌డిర్‌తో తీసేయండి. లోపల ఏమైనా ఉంటే అది తొలగించడానికి ఒప్పుకోదు కనుక ఆర్‌ఎమ్ కంటే క్షేమం. ఆ పైన, రెండో ఫోల్డర్ పేరును టైపు చేయకుండా ట్యాబ్ నొక్కి తెప్పించుకొని, సరైన పేరుకు మార్చండి. ఖాళీ ఫోల్డర్‌ను తీయకుండానే పేరు మార్చబోతే, ఇది వెళ్లి దాని లోపల కూర్చుంటుంది. పేరు మార్చినంత మాత్రాన ఫైళ్ల తేదీలు మారవు, కాబట్టి ఈ రాత్రి ఏరివేతలో 14 రోజులు దాటినవన్నీ ఒక్కసారిగా పోతాయి. వాటిలో ఏదైనా కావాలనుకుంటే ముందే వేరే చోటికి తీసిపెట్టుకోండి.

ఆ దారిని స్క్రిప్టులో రెండు చోట్ల రాయడం కూడా సరికాదు. ఒక వేరియబుల్‌లో పెట్టి రెండు చోట్లా దాన్నే వాడాలి, ఆ వేరియబుల్ ఖాళీగా ఉంటే స్క్రిప్టు అక్కడే ఆగిపోయేలా చేయాలి. స్టీమ్ అనే ఆటల ప్రోగ్రామ్‌కు చెందిన లినక్స్ స్క్రిప్టులో ఇలాంటి వేరియబుల్ ఒకటి ఖాళీగా ఉండిపోవడం వల్ల వాడుకరుల సొంత ఫైళ్లు తుడిచిపెట్టుకుపోయిన ఉదంతం 2015లో బయటపడింది.

ఇక నోట్సు సంగతి. వాట్సాప్, వర్డ్, గూగుల్ డాక్ వంటివి ఉత్తరాలు రాసుకోవడానికి పుట్టినవి. అందం కోసం వాటిలో కొన్ని నిటారు కోట్లను వంకర కోట్లుగానూ, జంట హైఫన్లను ఒక పొడవాటి డాష్‌గానూ మార్చేస్తాయి. వెబ్ పేజీల నుంచి కాపీ చేసినప్పుడు మామూలు ఖాళీ స్థానంలో విడవని ఖాళీ అనే మరో అక్షరం వస్తుంది. కమాండ్లను నడిపే షెల్‌కు ఈ అందాలేవీ పట్టవు, కమాండ్ దొరకలేదని చెప్పి ఊరుకుంటుంది. నేను అమీర్‌పేటలో చదువుకున్న రోజుల్లో జిరాక్స్ నోట్సులో ఒక ఆప్షన్‌కు ముందున్న రెండు గీతలు ఒక గీతగా అచ్చయ్యాయి. దాన్ని చూసి మా బ్యాచ్ అంతా తప్పుగానే బట్టీపట్టాము, మా తరువాతి బ్యాచ్‌కు కూడా అదే జిరాక్స్ వెళ్లింది.

అందువల్ల నోట్సును సాదా టెక్స్ట్ ఫైళ్లుగా రాసి ఒక గిట్ రెపోలో (ప్రతి మార్పు చరిత్రనూ దాచే ఫోల్డర్‌లో) పెట్టండి. కమాండ్ ఎప్పుడూ తన వరుసలో తాను ఒంటరిగా ఉండాలి. వివరణ తెలుగులో ఎంతైనా రాయండి గాని, ‘లో’, ‘కు’, ‘తో’ వంటి ప్రత్యయాలు దారికీ ఫైలు పేరుకూ ఎన్నడూ తగలకూడదు. ‘ఈ కింది ఫోల్డర్‌లో’ అని రాసి, కింది వరుసలో దారిని విడిగా ఇస్తే సరిపోతుంది.

జవాబు: రాత్రి డ్యూటీ

పాత టెర్మినల్ గారు ఫోల్డర్ల చిక్కు విప్పారు కనుక ఉదయం 7 గంటల సంగతి నేను చెబుతాను. క్లౌడ్‌లో తీసుకున్న ఉబుంటు సర్వర్లు సాధారణంగా యూటీసీ (ప్రపంచ ప్రమాణ) కాలంతో వస్తాయి. నిర్ణీత వేళకు పనులను నడిపే మీ క్రాన్‌లోని 1:30ని ఆ సర్వర్ యూటీసీగా లెక్కపెట్టుకుంటోంది. దానికి మన 5:30 గంటలు కలిపితే సరిగ్గా ఉదయం 7 అవుతుంది. మీ సైట్‌ను మందగింపజేస్తున్నది ఆ బ్యాకప్పే. సర్వర్ కాలాన్ని ఏషియా కోల్‌కతాకు మార్చి క్రాన్ సర్వీసును రీస్టార్ట్ చేయండి, లేదా సర్వర్‌ను యూటీసీలోనే ఉంచి క్రాన్‌లో 20:00 అని రాయండి. నేను రెండో పద్ధతినే వాడతాను. ఏది ఎంచుకున్నా, నోట్సులో గంట రాసిన ప్రతిచోటా అది ఏ కాలమో పక్కనే రాయండి.

మీ పాత నోట్సు తప్పు కాదు, అది పాత సర్వర్‌కు నిజం. పాత సర్వర్‌లో భారత కాలం పెట్టి ఉన్నదన్న సంగతి మాత్రం ఎవరూ రాయలేదు. నా అనుభవంలో సెటప్ నోట్సులో అన్నింటికంటే ఎక్కువ హాని చేసేది ఇలా రాయకుండా వదిలేసిన పరిస్థితి. అందుకే ప్రతి నోట్సు తలమీద నాలుగు సంగతులు ఉండాలని మా బృందంలో పట్టుబడతాను: ఏ ఆపరేటింగ్ సిస్టమ్, దానిలో ఏ వెర్షన్, ఏ యూజర్‌గా నడపాలి, చివరిసారి ఏ తేదీన ఎవరు నడిపి చూశారు. చివరిది అన్నింటికంటే ముఖ్యం. రాసిన తేదీ వేరు, నడిపి చూసిన తేదీ వేరు.

ఒక ఉదాహరణ చెబుతాను. సర్వర్‌లోకి దూరం నుంచి ప్రవేశించడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ పోర్టు మార్చాలంటే కాన్ఫిగ్ ఫైలులో సంఖ్య మార్చి సర్వీసును రీస్టార్ట్ చేయాలని అందరి నోట్సులోనూ ఉంటుంది. ఉబుంటు 22.10 నుంచి ఆ పోర్టును, సర్వీసులను నడిపే సిస్టమ్‌డీకి చెందిన సాకెట్ తెరుస్తోంది. 24.04లో కాన్ఫిగ్ మార్చిన తరువాత సిస్టమ్‌డీకి డెమన్ రీలోడ్ చెప్పి, ఎస్‌ఎస్‌హెచ్ సాకెట్‌ను రీస్టార్ట్ చేయాలి. పాత నోట్సు ప్రకారం చేసి, కొత్త పోర్టు పనిచేస్తోందన్న నమ్మకంతో ఫైర్‌వాల్‌లో పాత పోర్టు 22ను మూసేసిన వారు తమ సర్వర్ బయట తామే నిలబడవలసి వస్తుంది. నాకు ఒకసారి ఆ యోగం పట్టింది, అర్ధరాత్రి 2 గంటలకు. అలాగే సెంటోస్ 7 అనే లినక్స్‌కు 2024 జూన్ 30తో మద్దతు ముగిసింది. దాని యమ్ (ప్రోగ్రాములను ఇన్‌స్టాల్ చేసే) కమాండ్లు నిండిన నోట్సు మీ నోటుపుస్తకంలో ఉంటే, చింపేయకపోయినా పైన పెద్ద అక్షరాలతో ఆ మాట రాయండి.

కమాండ్ తరువాత రెండు వరుసలు తప్పక ఉండాలి. పని జరిగిందని ఎలా తెలుస్తుంది, జరగకపోతే వెనక్కి ఎలా రావాలి. మీ బ్యాకప్ నోట్సు కింద ‘మరునాడు ఉదయం ఫోల్డర్ తెరిచి ఫైలు ఉందో లేదో చూడండి’ అన్న ఒక్క వాక్యం ఉండి ఉంటే, నెల రోజులు ఆగవలసిన పని లేకపోయేది. ఈ విషయంలో గిట్‌ల్యాబ్ సంస్థ 2017 జనవరి 31న తనకు ఎదురైన ప్రమాదాన్ని దాచకుండా వెల్లడించింది. ఒక ఇంజినీరు రెండో డేటాబేస్ సర్వర్‌లో ఉన్నాననుకొని అసలు సర్వర్‌లోని ఫోల్డర్‌ను తొలగించారు. తీరా బ్యాకప్‌ల కోసం వెతికితే, డంప్ (డేటాబేస్ నకలు) తీసే ప్రోగ్రామ్ వెర్షన్ డేటాబేస్ వెర్షన్‌తో కలవక చాలాకాలంగా విఫలమవుతూనే ఉంది, ఆ వైఫల్యాన్ని తెలిపే ఈమెయిళ్లు కూడా చేరడం లేదు. చివరికి ఆరు గంటల డేటా పోయింది.

చివరిగా, మీ వాట్సాప్ గ్రూపులోని కమాండ్లలో డేటాబేస్ పాస్‌వర్డ్ ఉందేమో చూడండి, ఉండే ఉంటుంది. నోట్సును గిట్‌లోకి ఎక్కించే ముందే వాటిని తీసేయాలి. ఒకసారి కమిట్ చేసిన (గిట్‌లో నమోదు చేసిన) తరువాత ఆ వరుసను తొలగించినా చరిత్రలో అది పదిలంగా ఉంటుంది. అప్పుడు పాస్‌వర్డ్‌ను మార్చడం ఒక్కటే మార్గం. గిట్‌హబ్‌లో సీక్రెట్ గిస్ట్ (కోడ్ ముక్కలు పంచుకునే పేజీ) పెట్టుకుంటే చాలదా అని మా వాళ్లు అడుగుతుంటారు. సీక్రెట్ అంటే వెతికితే దొరకదని మాత్రమే, లింకు చేతిలో ఉన్న ఎవరైనా చదవగలరు. పాస్‌వర్డ్‌ను కమాండ్‌లోనే రాస్తే షెల్ హిస్టరీలో మిగిలిపోతుంది కూడా. మైఎస్‌క్యూఎల్ అయితే దాన్ని విడి ఆప్షన్ ఫైలులో పెట్టి, అనుమతులను 600కు (యజమాని మాత్రమే చదివి రాయగలిగేలా) తగ్గించండి.

జవాబు: ప్లేబుక్ పక్షం

పై ఇద్దరూ పెద్దలు, వారి మాట కాదనలేను గాని, రోగం ఒకటైతే మందు మరొకటి చెబుతున్నారని నాకు అనిపిస్తోంది. మనిషి చదివి, మనిషి కాపీ చేసి, మనిషి అతికించే పద్ధతి ఉన్నంతకాలం ఇటువంటివి జరుగుతూనే ఉంటాయి. నోట్సు మొత్తాన్ని యాన్సిబుల్ అనే పనిముట్టు తానే నడిపే ప్లేబుక్‌గా రాసుకుంటే, కాపీ అన్న మెట్టే ఉండదు. పైగా నోట్సులోని కమాండ్‌ను రెండుసార్లు నడిపితే కాన్ఫిగ్ ఫైలు చివర అదే వరుస రెండుసార్లు చేరుతుంది. యాన్సిబుల్‌లో ఆ వరుస అక్కడ ఉండాలని చెబుతాము, ఉంటే అది ముట్టుకోదు. ఏడుగురే ఉన్న బృందానికి వికీలు, నోట్సులు, తలకట్టు నియమాలు అనవసరమైన బరువు. తెలుగు వివరణ కూడా మానేస్తే ఆ కనబడని అక్షరం బెడదే ఉండదు.

జవాబు: పాత టెర్మినల్

ప్లేబుక్ రాసుకోవాలన్న మాటతో ఏకీభవిస్తాను. మూడోసారి చేయవలసి వచ్చిన పనికి అది తప్పనిసరి. తెలుగు మానేయాలన్న మాటతో మాత్రం ఏకీభవించను. విడవని ఖాళీ, వంకర కోట్లు ఆంగ్ల నోట్సులోనూ ఇంతే చక్కగా దూరుతాయి. ఆ తమ్ముడికి అర్థమయ్యే భాషలో ఉండబట్టే కదా నోట్సు చదివాడు.

అసలు సంగతి, ప్లేబుక్ ఏమి చేయాలో చెబుతుంది గాని ఎందుకు చేయాలో చెప్పదు. ప్రశ్నలోనే దీనికి ఉదాహరణ ఉంది. డిస్క్ నిండినప్పుడు పాత లాగ్‌లను తీసేశామని మాదాపూర్ వారు రాశారు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు తమ వ్యవస్థల లాగ్‌లను 180 రోజులపాటు భద్రపరచాలి. సైబర్ సంఘటన ఏదైనా తెలిసిన 6 గంటలలోపు నివేదించాలి. సర్వర్ల గడియారాలను ఎన్‌ఐసీ (నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్) లేదా ఎన్‌పీఎల్ (నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ) కాలసర్వర్లతో కలిపి ఉంచాలని కూడా అందులోనే ఉంది. ఉబుంటులో వెబ్ సర్వర్ ప్రోగ్రామ్ ఎంజినెక్స్‌ను ఇన్‌స్టాల్ చేస్తే, పాత లాగ్‌లను ఏరివేసే లాగ్‌రొటేట్ అమరిక రోజుకొకటి చొప్పున 14 ఫైళ్లనే ఉంచుతుంది. అంటే ఏ నోట్సూ చూడకుండా పెట్టిన సర్వర్‌లో రెండు వారాల వెబ్ లాగ్‌లే మిగులుతాయి.

మీ ప్లేబుక్‌లో ఆ 14ను 180 చేశారనుకుందాము. ఆరు నెలల తరువాత డిస్క్ మళ్లీ నిండుతుంది. అప్పుడు డ్యూటీలో ఉన్నవారు ఆ సంఖ్యను చూసి, ఎవరో చాదస్తంతో పెట్టి ఉంటారనుకొని 7కు దించుతారు. ఆ సంఖ్య పక్కన రెండు తెలుగు వాక్యాలు ఉంటే ఆ చేయి ఆగుతుంది. పాత లాగ్‌లకు చోటు చాలకపోతే కుదించి వేరే స్టోరేజీకి పంపవచ్చు, ఆ ఏర్పాటు కూడా అక్కడే రాసి ఉండాలి.

ప్రశ్న వేసినవారు: మాదాపూర్ మూడో అంతస్తు

అందరికీ కృతజ్ఞతలు. పాత టెర్మినల్ గారు చెప్పినట్టే ఆ మూడు గుర్తులూ కనబడ్డాయి. గూగుల్ డాక్ పాత ప్రతులు తిరగేస్తే ‘ఫోల్డర్‌లో’ అన్న మాట స్థానంలో దారిని అతికించింది నేనేనని తేలింది, అందువల్ల తమ్ముడికి టీ ఇప్పించవలసి వచ్చింది. ఫోల్డర్ పేరు సరిచేశాము. క్రాన్‌ను 20:00కు మార్చాక రెండు రోజులుగా ఉదయం 7 గంటలకు సైట్ మామూలుగానే ఉంది. తీసేసిన లాగ్‌లు తిరిగి రావు కనుక, ఏ తేదీల లాగ్‌లు ఎందుకు లేవో నోట్సులో రాసిపెట్టి, లాగ్‌రొటేట్‌ను మార్చాము. వాట్సాప్‌లో పాస్‌వర్డ్ నిజంగానే ఉంది, దాన్ని మార్చాము.

నోట్సును గిట్‌లోకి ఎక్కించే పని మొదలైంది. కమిట్ చేసేటప్పుడు కనబడని అక్షరాలను, వంకర కోట్లను పట్టుకోవడానికి అక్షరాలను వెతికే గ్రెప్‌తో ఒక ప్రీ-కమిట్ హుక్ (కమిట్‌కు ముందు తానే నడిచే తనిఖీ) రాశాను. రెండు ఇబ్బందులు వచ్చాయి. స్క్రిప్టుల్లో తెలుగు కామెంట్లు రాస్తే వాటిలో సహజంగా ఉండే ఆ 200సి అక్షరాన్ని చూసి కూడా అది కమిట్‌ను ఆపేస్తోంది. రెండోది, నా కంప్యూటర్‌లో హుక్ పనిచేస్తోంది గాని, రెపోను క్లోన్ (నకలు) చేసుకున్న మిగతావారి దగ్గర అసలు నడవడమే లేదు.

జవాబు: రాత్రి డ్యూటీ

మొదటిదానికి, స్క్రిప్టుల్లో హ్యాష్ గుర్తుతో మొదలయ్యే వరుసలను వదిలేసి మిగతా వరుసలనే వెతకమని చెప్పండి. మార్క్‌డౌన్ ఫైళ్లలో అయితే కోడ్ బ్లాకుల లోపలి వరుసలను మాత్రమే చూడాలి. వరుస మధ్యలో హ్యాష్ పెట్టి తెలుగు రాసే అలవాటు ఉంటే మానుకోండి, కామెంటును పై వరుసలో విడిగా రాయండి.

రెండోదానికి, గిట్ ఫోల్డర్ లోపలి హుక్స్ క్లోన్‌తో పాటు రావు, గిట్ స్వభావమే అంత. హుక్‌ను రెపోలోనే ఒక మామూలు ఫోల్డర్‌లో పెట్టి, ప్రతి ఒక్కరి కంప్యూటర్‌లో కోర్ డాట్ హుక్స్‌పాత్ అనే అమరికను ఒకసారి ఆ ఫోల్డర్‌కు చూపించండి. గిట్ 2.9 నుంచి ఆ సౌకర్యం ఉంది. ఎవరైనా మరచిపోతారు కనుక, అదే తనిఖీని సర్వర్ వైపు కూడా, పుష్ చేసిన తరువాత నడిచే పైప్‌లైన్‌లో పెట్టండి. హుక్ ఫైలుకు ఎగ్జిక్యూట్ అనుమతి ఇవ్వడం మరచిపోకండి.